ఆరోగ్య బోధన సామగ్రిని ఇంటర్నెట్‌లో ఉమ్మడిగా పెట్టుకోవడం ఎలా? ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎమ్‌లు, ఎంఎల్‌హెచ్‌పీల (మధ్యస్థాయి ఆరోగ్య సేవకుల) కోసం చర్చ

నల్లగొండ హెల్త్ ఎడ్యుకేటర్

సభ్యులందరికీ నమస్కారం. ఒక విషయం మీ ముందు పెట్టి సలహాలు కోరుతున్నాను.

మా పాత నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్ (తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) మీద దశాబ్దాలుగా పనిచేసిన వారున్నారు. ఏ బోరు నీళ్లు తాగకూడదో, పిల్లలకు పాలు, ఆకుకూరలు, ఉసిరి వంటివి ఎందుకు పెట్టాలో, పళ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలు కనిపిస్తే దేన్ని అనుమానించాలో చెప్పే ఫ్లిప్‌చార్టులు, పాటలు, చిన్న నాటికలు ఇక్కడ ఎన్నో తయారయ్యాయి. ఇదే బాధ ఉన్న పాత ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతంలో పనిచేసే ఒక ఏఎన్‌ఎమ్ గారు ఈమధ్య నాతో మాట్లాడుతూ, తమ దగ్గర ఇటువంటిది ఒక్కటీ లేదనీ, ఇంటింటికీ తిరిగి నోటిమాటతోనే చెప్పవలసి వస్తోందనీ అన్నారు. మా దగ్గర బీరువాలో ఉన్నది అక్కడికి చేరడానికి దారి లేదు. 2014లో రాష్ట్రంతోపాటు శాఖలూ వేరుపడ్డాక, ఒక చోట చేసినది మరొక చోటికి పంపించే అలవాటు కూడా పోయింది.

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ (పీహెచ్‌సీ) ఓపికగా బొమ్మలు గీసేవారో, పాట కట్టేవారో, చక్కగా వీడియో తీసేవారో ఒకరైనా ఉంటారు. వారి పని ఆ నెల ఆశా డే (ఆశా కార్యకర్తల నెలవారీ సమావేశం) నాడు చూపించడంతో ముగిసిపోతోంది. రెండు రాష్ట్రాల వారికీ అందుబాటులో ఉండేలా ఇదంతా ఇంటర్నెట్‌లో ఒక్క చోట పెట్టగలమా? పెడితే ఎక్కడ పెట్టాలి, దాని బాగోగులు ఎవరు చూడాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయగలరు.

కోనసీమ ఏఎన్‌ఎమ్

నమస్కారం సార్. మంచి విషయం ఎత్తుకున్నారు. అయితే సామగ్రి మాకు అందకపోవడం లేదు, అవసరానికి మించి అందుతోంది. మండలం గ్రూపు, పీహెచ్‌సీ గ్రూపు, టీకాల గ్రూపు, అంగన్‌వాడీలు చూసే ఐసీడీఎస్ వారితో కలిపిన గ్రూపు, ఇలా ఒక్కొక్కరి ఫోనులోనూ అరడజను వాట్సాప్ గ్రూపులకు తక్కువ ఉండవు. రోజూ ఏదో ఒక పోస్టరు, వీడియో, పీడీఎఫ్ వస్తూనే ఉంటాయి. ఫోను నిండిపోగానే అన్నీ తుడిచేస్తాం. మూడు నెలల తరువాత గ్రామ ఆరోగ్య పోషకాహార దినం నాడు అదే పోస్టరు అవసరమైతే ఎక్కడ వెతకాలో తెలియదు. మళ్లీ గ్రూపులో అడుగుతాం, ఎవరి దగ్గరుంటే వారు పంపుతారు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. అలా వచ్చినది ఎప్పటిదో ఎవరికీ తెలియదు. టీకాల పట్టికనే తీసుకోండి. 2017 ఆగస్టులో మన రెండు రాష్ట్రాల్లోనూ తట్టు టీకా బదులు మీజిల్స్-రుబెల్లా టీకా వచ్చింది. 2023 జనవరి నుంచి తొమ్మిదో నెలలో ఎఫ్‌ఐపీవీ (పోలియో ఇంజెక్షన్) మూడో మోతాదు చేరింది. అంతకు ముందు అచ్చయిన పట్టికలు ఇప్పటికీ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. వాటి మీద తేదీ ఉండదు. పై అంచున ముద్ర ఒక్కటే ఉంటుంది, అదీ మసకబారి ఉంటుంది. కొత్తగా చేరిన ఆశా కార్యకర్త దాన్ని పెద్దగా ప్రింటు తీయించి అంగన్‌వాడీ గోడకు అంటిస్తే, అది చూసిన తల్లి తొమ్మిదో నెలలో పోలియో ఇంజెక్షన్ ఎందుకని అడుగుతుంది. ఆ తల్లి అడిగినది సరైన ప్రశ్నే కదా.

కాబట్టి ఒక్క చోట పెట్టడం కన్నా ముందు, పెట్టే ప్రతి దాని మీద తేదీ, తయారు చేసినవారి పేరు ఉండేలా చూడాలని నా మనవి.

గుంటూరు పిల్లల వైద్యుడు

ఏఎన్‌ఎమ్ అమ్మ చెప్పిన దానికి మరొక ఉదాహరణ జోడిస్తాను. ఇది నేను ప్రతి ఎండాకాలమూ చూసే విషయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2002లో ఓఆర్‌ఎస్ మిశ్రమాన్ని మార్చాయి. పాత మిశ్రమంలో లీటరు నీటికి 3.5 గ్రాముల ఉప్పు, 20 గ్రాముల గ్లూకోజు ఉండేవి. కొత్తదానిలో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు. పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు మారలేదు. మొత్తం 27.9 గ్రాముల పొడి 20.5 గ్రాములకు తగ్గింది. ద్రావణం ఆస్మొలారిటీ (నీటిలో కరిగిన కణాల గాఢత) లీటరుకు 311 నుంచి 245 మిల్లీఆస్మోల్స్‌కు దిగడం వల్ల విరేచనాలు, వాంతులు తగ్గి, సెలైన్ ఎక్కించవలసిన పిల్లల సంఖ్య కూడా తగ్గింది. పాత లెక్క ఉన్న పాఠాలు ఇంటర్నెట్‌లో నేటికీ దొరుకుతున్నాయి.

కరపత్రాల్లో ఇంకొక లోపం ఉంది. ‘ఒక ప్యాకెట్ ఒక లీటరు నీళ్లలో కలపండి’ అని రాస్తారు. ఆశా కార్యకర్త ఇచ్చే పెద్ద ప్యాకెట్‌కు అది సరైనదే. కానీ మందుల దుకాణంలో 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న ప్యాకెట్లు కూడా అమ్ముతారు. ఆ చిన్న ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో కలిపితే బిడ్డకు అందవలసిన ఉప్పులో అయిదో వంతే అందుతుంది. లీటరు ప్యాకెట్‌ను గ్లాసు నీళ్లలో కలిపితే అంతకన్నా ప్రమాదం, పసిపిల్లల రక్తంలో సోడియం పెరిగిపోతుంది. కరపత్రంలో ‘ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు అని ఉందో చూసి, అన్ని నీళ్లే కొలిచి పోయండి’ అని ఒక వాక్యమూ, రెండు ప్యాకెట్ల బొమ్మలూ ఉంటే సరిపోతుంది. దానితోపాటు జింకు మాత్ర గురించి కూడా రాయాలి. రెండు నుంచి ఆరు నెలల లోపు బిడ్డకు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆరు నెలలు దాటితే 20 మిల్లీగ్రాములు, విరేచనాలు ఆగినా సరే 14 రోజులు ఇవ్వాలి. చాలా కరపత్రాల్లో జింకు ఊసే లేదు.

ఇంటర్నెట్ వల్ల మేలు జరగదని నేను అనడం లేదు. పేరులో ఓఆర్‌ఎస్ అని పెట్టుకుని తీపి పానీయాలు అమ్మడం మీద హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు. సామాజిక మాధ్యమాల్లో ఆమె పెట్టిన వీడియోలు తల్లుల ఫోన్లలోకి నేరుగా చేరాయి. చివరకు 2025 అక్టోబరు 14న ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఆ వీడియోల్లో ఎవరు మాట్లాడుతున్నారో, ఏ ఆధారంతో మాట్లాడుతున్నారో స్పష్టంగా ఉంది. అందుకే జనం నమ్మారు.

అక్షర సేవకుడు

నేను ఆరోగ్య శాఖ ఉద్యోగిని కాను. పాతికేళ్లుగా డీటీపీ పనిలో ఉన్నాను. ఎన్నో ఆరోగ్య కరపత్రాలు నా చేతుల మీదుగా అచ్చుకు వెళ్లాయి. మీరు మాట్లాడుకుంటున్న సమస్యకు సాంకేతికమైన మూలం ఒకటి ఉంది, అది చెప్పనివ్వండి.

ప్రెస్సుల్లో తెలుగు కరపత్రాలు చాలాకాలం పేజ్‌మేకర్‌లోనో కోరల్‌డ్రాలోనో అను ఫాంట్లతో తయారయ్యాయి, కొన్ని చోట్ల ఇప్పటికీ అలాగే తయారవుతున్నాయి. ఆ ఫైలు లోపల ఉన్నవి నిజానికి తెలుగు అక్షరాలు కావు. ఆంగ్ల అక్షరాలూ గుర్తులే తెలుగు రూపంలో కనిపిస్తాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థం లేని గీతలు వస్తాయి. పీడీఎఫ్‌గా మార్చి ఇంటర్నెట్‌లో పెట్టినా గూగుల్‌కు అది తెలుగని తెలియదు. ‘రక్తహీనత’ అని వెతికినవారికి, రక్తహీనత గురించి మంచి తెలుగులో రాసిన కరపత్రం కళ్లెదుట ఉన్నా కనిపించదు. డాక్టర్ గారు చెప్పిన ఓఆర్‌ఎస్ వాక్యాన్ని సరిదిద్దాలన్నా ఆ పీడీఎఫ్‌లో కుదరదు. మొదటి నుంచి మళ్లీ కంపోజ్ చేయవలసిందే. అంత శ్రమ ఎవరూ పడరు కనుక తప్పున్న పాత కాగితమే చేతులు మారుతూ ఉంటుంది.

అన్ని భాషల అక్షరాలనూ ఏ కంప్యూటరైనా గుర్తించేలా చేసే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి మొదటి కూర్పు నుంచే స్థానం ఉంది. మండలి, రామభద్ర, మల్లన్న, గురజాడ, సురవరం వంటి మంచి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి, అచ్చుకు కూడా పనికివస్తాయి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు కూడా ఉన్నాయి. మార్చిన తరువాత ఒత్తులు, పొల్లులు ఒకసారి చూసుకోవాలి, అంతే. ఉమ్మడి నిల్వలో ప్రతి కరపత్రానికి రెండు ఫైళ్లు ఉండాలి: చదువుకోవడానికి ఒక పీడీఎఫ్, దిద్దుకోవడానికి యూనికోడ్‌లో ఉన్న అసలు ఫైలు. రెండోది లేకుండా మొదటిది ఎన్ని వేలు పోగుచేసినా అవన్నీ కొన్నాళ్లకు పనికిరాకుండా పోతాయి.

పాడేరు ఎంఎల్‌హెచ్‌పీ

నేను అల్లూరి సీతారామరాజు జిల్లాలో విలేజ్ హెల్త్ క్లినిక్‌లో పనిచేస్తున్నాను. పైన రాసినవన్నీ నిజమే. అయితే మా గ్రామాల్లో రెండు విషయాలు వేరుగా ఉంటాయి.

మొదటిది సిగ్నల్. కొన్ని గ్రామాల్లో కొండ ఎక్కితే గాని ఫోను పలకదు. అలాంటి చోట పనిచేసే ఆశా కార్యకర్తకు లింకు పంపి ‘ఇందులో అన్నీ ఉన్నాయి, చూసుకో అమ్మా’ అంటే అది ఆమెకు చేరదు. ఆమె నెలకొకసారి ఆశా డేకు పీహెచ్‌సీకి వస్తుంది. ఆ రోజు అక్కడి వైఫైలో ఆ నెలకు కావలసిన మూడు నాలుగు ఫైళ్లు ఆమె ఫోనులోకి ఎక్కించి పంపితేనే ఉపయోగం. ఒకరి ఫోను నుంచి మరొకరి ఫోనుకు బ్లూటూత్‌తోనో మెమరీ కార్డుతోనో ఎక్కించుకోగలిగినంత చిన్న ఫైళ్లు కావాలి. మూడు నిమిషాల వీడియో వంద ఎంబీ ఉంటే మాకు అక్కరకు రాదు.

రెండోది భాష. మా తల్లుల్లో చాలామందికి ఇంట్లో కువి భాష, సంతలో ఆదివాసీ ఒడియా. చింతూరు వైపు కోయ. తెలుగు కరపత్రం ఎంత శుద్ధంగా ఉన్నా వారికి చేరదు, ఎందుకంటే వారిలో చాలామంది చదువుకోలేదు. వారికి వినిపించేది కావాలి, అదీ వారి ఊరి గొంతుతో. పొరుగున ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర అనే వేదిక ఈ పని చేసి చూపింది. గోండి మాట్లాడేవారు మామూలు ఫోను నుంచి తమ సంగతులు చెప్పి రికార్డు చేసేవారు, ఇతరులు చెప్పినవి వినేవారు. ఆ కార్యక్రమాలనే బ్లూటూత్ ద్వారా ఊరూరా పంచుకునే ఏర్పాటుకు బుల్టూ రేడియో అని పేరు పెట్టారు.

మా ఆశా కార్యకర్త ఒకామె మలేరియా గురించి, దోమతెర గురించి కువిలో పాట పాడుతుంది. దానిని ఫోనులో రికార్డు చేసి పెట్టాను. ఉమ్మడి నిల్వలో ఆ పాటకు చోటు ఉంటుందా? ఉంటే, తెలుగు కరపత్రాల అడుగున ‘ఇతరములు’ అనే ఫోల్డర్‌లో కాకుండా దానికంటూ ఒక చోటు ఇవ్వమని కోరుతున్నాను.

టొరంటో తెలుగు

నమస్కారం. నేను కెనడాలో ప్రజారోగ్య విభాగంలో పనిచేస్తున్నాను. ఇక్కడి అనుభవం ఒకటి రాస్తాను. పరిస్థితులు వేరని నాకు తెలుసు, అయినా ఒక విషయంలో ఉపయోగపడవచ్చు.

ఆరోగ్య ప్రోత్సాహం మీద ప్రపంచమంతా నేటికీ ప్రస్తావించే ఒప్పందపత్రం 1986 నవంబరు 21న ఒట్టావాలో వెలువడింది. ఆ తరువాత పదేళ్లలోపే ఇంటర్నెట్ జనానికి అందుబాటులోకి వచ్చింది. ఒంటారియో రాష్ట్రంలో ఆరోగ్య కార్యకర్తలు 1990ల చివరలోనే ఒక ఈ-బులెటిన్ మొదలుపెట్టారు. వారం వారం ఈమెయిల్‌లో వచ్చేది. అందులో హంగులేమీ లేవు, అంతా వట్టి అక్షరాలే. అయినా అది ఏళ్ల తరబడి నడిచిందంటే, ఎవరో ఒకరు ప్రతి వారం కూర్చుని ఏది పంపాలో, ఏది వదిలేయాలో నిర్ణయించడం వల్లనే. ఆ మనిషికి జీతం, సమయం కేటాయించారు. ఆరోగ్య సమాచారం మీద 2006లో మొదలైన హైఫా అనే అంతర్జాతీయ ఈమెయిల్ వేదిక కూడా ఇలాగే, చర్చను నడిపించే మనిషి ఉండబట్టి నిలిచింది. నేను చూసినంతలో, వెబ్‌సైటుకు డబ్బు పెట్టి దాన్ని చూసుకునే మనిషికి పెట్టని ప్రయత్నాలు రెండు మూడేళ్లకు ఆగిపోయాయి.

ఇంకొక సంగతి, కాపీహక్కులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో తన ప్రచురణలకు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు వర్తింపజేయాలని నిర్ణయించింది. ఆ లైసెన్సు ఉన్న పుస్తకాన్ని వ్యాపారానికి కాకుండా అనువదించుకోవడానికి విడిగా అనుమతి అడగనక్కరలేదు. అనువాదం తాము చేసినది కాదని వారు కోరే వాక్యాన్ని చేర్చి, అదే లైసెన్సు కింద విడుదల చేయాలి. మీరు తయారు చేసే వాటి మీద కూడా ‘పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు’ అని మొదటి రోజే రాసి పెట్టండి. తరువాత ఎవరి అనుమతి ఎవరు అడగాలో తెలియక మంచి సామగ్రి మూలపడుతుంది.

కోనసీమ ఏఎన్‌ఎమ్

అందరూ మంచి మాటలు రాశారు. రెండు జాగ్రత్తలు చెప్పాలి.

పంచుకోవడం అనగానే ఫొటోలు పంచుకోవడం అనుకుంటున్నారు. గర్భిణి తల్లీబిడ్డల రక్షణ కార్డు ఫొటో తీసి, పేరు, ఫోను నంబరు, రక్తం శాతం అన్నీ కనిపించేలా గ్రూపులో పెడుతున్నారు. తీవ్రమైన రక్తహీనత ఉన్న అమ్మాయి పేరు అవసరం లేనివారందరికీ తెలిసిపోతోంది. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది. చట్టం సంగతి అటుంచితే, మనల్ని ఇంట్లోకి రానిచ్చిన మనిషి గుట్టును మనం కాపాడాలి. ఉమ్మడి నిల్వలో పేషెంట్ల ఫొటోలు, కార్డులు, జాబితాలు ఏవీ ఉండకూడదు. పాడేరు వారి పాటను కూడా పాడిన ఆశా కార్యకర్త ఒప్పుకుంటేనే పెట్టాలి, ఆమె పేరు వేయాలో వద్దో ఆమెనే అడగాలి.

రెండోది, దయచేసి దీన్ని మరో యాప్‌గా మార్చకండి. ఇప్పటికే ఉన్న యాప్‌లలో వివరాలు ఎక్కించేసరికి రాత్రి అవుతోంది. ఇందులో లాగిన్, హాజరు, ‘చూశారా లేదా’ అనే లెక్క, ఫొటో ఆధారం వంటివి పెడితే ఎవరూ మనసుపెట్టి వాడరు. కావలసినప్పుడు వెళ్లి తెచ్చుకునేలా ఉండాలి.

గుంటూరు పిల్లల వైద్యుడు

అమ్మ చెప్పినది అక్షరాలా నిజం. వీడియోల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఒడిశాలోని కెందుఝర్ జిల్లాలో, స్థానికులే తీసిన వీడియోలను మహిళా సంఘాల్లో చూపించి చర్చించే పద్ధతిని పెద్ద ఎత్తున పరీక్షించారు. డిజిటల్ గ్రీన్ సంస్థ అందులో భాగస్వామి. కొన్ని గ్రామ సమూహాల్లో పిల్లల ఆహారంలో వైవిధ్యం పెరిగింది. కానీ పిల్లల బక్కతనంలోనూ తల్లుల శరీర భార సూచికలోనూ మార్పు కనిపించలేదు. వీడియో వల్ల తల్లికి విషయం తెలుస్తుంది, కొంతవరకు ఆచరణ కూడా మారుతుంది. ఆ పైన ఇంట్లో గుడ్డు, పప్పు, పాలు కొనగలగాలి. కాబట్టి సామగ్రి పంచగానే సగం పని అయిపోయిందని పై అధికారులు అనుకోకుండా మనమే గుర్తుచేస్తూ ఉండాలి.

విషయాన్ని సరిచూసే పనికి నా పేరు రాసుకోండి. పిల్లల విరేచనాలు, న్యుమోనియా, తల్లిపాలు, అనుబంధ ఆహారం, ఈ నాలుగింటి మీద వచ్చేవి చూసిపెడతాను. క్షయ మీద వేరే వారిని వెతకండి. అక్కడ మార్పులు చాలా వేగంగా జరిగాయి. వారానికి మూడు రోజుల మందుల బదులు 2017లో రోజువారీ మందులు వచ్చాయి. 2020లో కార్యక్రమం పేరే మారింది. నిక్షయ్ పోషణ్ యోజన కింద క్షయ రోగికి ఆహారం కోసం నెలకు ఇచ్చే 500 రూపాయలు 2024 నవంబరు నుంచి 1000 అయ్యాయి. పాత పోస్టరు నమ్మి ఒక రోగి రోజు విడిచి రోజు మందు వేసుకుంటే ఆ నష్టం మందుకు లొంగని క్షయగా బయటపడవచ్చు.

నల్లగొండ హెల్త్ ఎడ్యుకేటర్

అందరికీ కృతజ్ఞతలు. నేను వెబ్‌సైటు కట్టించాలన్న ఆలోచనతో వచ్చాను. ఇప్పుడు ఆ క్రమం మార్చుకుంటున్నాను. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ హైదరాబాదు కేంద్రం నడిపే సమాచార వెబ్‌సైటు వికాస్‌పీడియాలో 2014 నుంచే తెలుగు విభాగం ఉంది, అందులో పేరు నమోదు చేసుకున్నవారు సమాచారం చేర్చవచ్చు. బొమ్మలకూ పాటలకూ వికీమీడియా కామన్స్ అనే ఉచిత నిల్వ ఉంది. కనుక చోటు కోసం ఖర్చు పెట్టనక్కరలేదు. మొదట మూడు అంశాలే తీసుకుందాం: ఓఆర్‌ఎస్-జింకు, రక్తహీనత, ఫ్లోరోసిస్. మా దగ్గరి ఫ్లోరోసిస్ ఫ్లిప్‌చార్టును స్కాన్ చేసి, బొమ్మలు గీసిన మాస్టారి అనుమతి రాతపూర్వకంగా తీసుకుని, ఈ నెలలోనే అక్షర సేవకుడు గారికి పంపుతాను. మాటలన్నీ యూనికోడ్‌లో మళ్లీ కొట్టాలి.

పాడేరు మిత్రులకు: మీ పాట నాలుగో అంశంగా కాదు, మొదటి మూడింటితోపాటే వస్తుంది. భాషల వారీగా విడిగా విభాగాలు పెడదాం. పాట అర్థాన్ని తెలుగులో నాలుగు వాక్యాలుగా రాసి పంపగలరా? సరిచూసే డాక్టర్ గారికి అందులో ఏముందో తెలియాలి.

పాడేరు ఎంఎల్‌హెచ్‌పీ

తప్పకుండా సార్. ఆమెను అడిగి, ఒప్పుకుంటే వచ్చే ఆశా డే నాడు మరోసారి శుభ్రంగా రికార్డు చేస్తాను. మొదటి దానిలో వాన చప్పుడు ఎక్కువగా ఉంది. దోమతెరను ఎలా ఉతకాలో, ఎక్కడ ఆరబెట్టాలో చెప్పే చరణం ఒకటి ఉంది, దానిని మలేరియా సిబ్బందికి ముందుగా వినిపిస్తాను.

అక్షర సేవకుడు

స్కాన్ 300 డీపీఐ తగ్గకుండా తీయించండి, ఫోనులో ఫొటో తీస్తే బొమ్మల అంచులు వంకర పోతాయి. ఫైలు పేర్లకు ఇప్పుడే ఒక పద్ధతి పెట్టుకుందాం: అంశం, భాష, జిల్లా, సంవత్సరం, నెల. ప్రతి పేజీ అడుగున ‘సరిచూసిన తేదీ’, ‘మళ్లీ సరిచూడవలసిన తేదీ’ అని రెండు గళ్లు వేస్తాను. రెండో తేదీ దాటిన ఫైలును ‘పాతవి’ అనే ఫోల్డర్‌లోకి మార్చి, దాని చోట కొత్త ఫైలు లింకు పెట్టాలి.

కోనసీమ ఏఎన్‌ఎమ్

ఆ రెండో తేదీని గుర్తుంచుకుని మార్చేవారెవరో కూడా ఇప్పుడే రాసుకోవాలి సార్. టొరంటో వారు చెప్పిన మనిషి ఆ మనిషే. టీకాల పట్టిక వరకు నేను చూసుకుంటాను. మార్పు ఉత్తర్వు మాకు అందిన వారంలోపు కొత్త పట్టిక పెడతాను, నేను సెలవులో ఉంటే మా పక్క ఉపకేంద్రం ఏఎన్‌ఎమ్ అక్క పెడుతుంది. రక్తహీనతకు ఎవరైనా ముందుకు రావాలి. ఎర్ర మాత్ర గర్భిణులకూ బాలింతలకూ, నీలం మాత్ర కిశోర బాలికలకూ బాలురకూ, గులాబీ మాత్ర అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకూ అని బొమ్మతో చూపించే ఒక్క పేజీ ముందుగా కావాలి. బడుల్లో అడుగుతున్నారు.